ఆ మూడు వారాల్లో అడగాల్సిన ప్రశ్న

రొమ్ము క్యాన్సర్ బారిన పడిన చిన్నవయసు ఆడవాళ్లకు మందుల గురించి చెబుతున్నారు, ఖర్చు గురించి చెబుతున్నారు. పిల్లల సంగతి ఎవరు చెప్పాలి? నల్లగొండ, పాలమూరు నుంచి పట్నం ఆసుపత్రులకు వెళ్లే దారిలో ఒక పరిశీలన.

క్యాన్సర్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఆడమనిషి కేసు షీటు తెరిస్తే ఆమె గతమంతా నాలుగు గీతల్లో ఉంటుంది. ఏ వయసులో పెద్దమనిషైంది, పెళ్లెప్పుడైంది, కాన్పులెన్ని, బతికున్న పిల్లలెందరు, ఎన్నాళ్లు పాలిచ్చింది, పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందా, ఆఖరిసారి ముట్టయింది ఎప్పుడు. రొమ్ము క్యాన్సర్‌కూ ఒంట్లోని హార్మోన్లకూ లంకె ఉంది కాబట్టి ఇవన్నీ అడగాల్సిందే. కానీ అన్నీ జరిగిపోయిన సంగతులే. ‘ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నావా అమ్మా?’ అన్న ప్రశ్నకు ఆ కాగితంలో సాధారణంగా గడి ఉండదు.

అరవై దాటిన ఆమెకు ఆ గడి అక్కర్లేదు. అమెరికాలో, ఐరోపాలో ఈ జబ్బు ఎక్కువగా ఆ వయసులోనే బయటపడుతుంది. మన దగ్గర అంతకంటే సుమారు పదేళ్లు ముందే వస్తోంది. 2022లో దేశంలో కొత్తగా 1,92,000 మందికి పైగా మహిళలకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98 వేల మందికి పైగా దాంతో చనిపోయారని గ్లోబొకాన్ అంచనా. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలోనే అందరికంటే ఎక్కువ. వయసుల తేడాలు సరిచేశాక లక్ష మంది ఆడవాళ్లకు 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దాని తర్వాతే. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఆ లెక్కలో లేవు. కానీ ఆ జిల్లాల వాళ్లు వైద్యానికి వచ్చేది మాత్రం హైదరాబాద్‌కే.

వాళ్లలో ముప్పై దాటనివాళ్లున్నారు. పెళ్లయి ఏడాది కానివాళ్లు, ఒక్క బిడ్డతో ఆగినవాళ్లు, పెళ్లే కానివాళ్లూ ఉన్నారు. వీళ్ల మనసులో మొదటి ప్రశ్న ‘బతుకుతానా?’ అయితే, రెండోది చాలామందికి ‘పిల్లలు అయితరా?’ అన్నదే. ఆ రెండో ప్రశ్న నోరు దాటి బయటికి రాదు. ప్రాణం మీదికొస్తే పిల్లల గోలేమిటని ఎవరైనా అంటారేమోనన్న భయం. డాక్టరు తనంతట తానే చెబుతాడనుకుంటుంది ఆమె. అడిగితే చెబుదామనుకుంటాడు డాక్టరు. ఇద్దరూ ఎదురుచూస్తూ ఉండగానే తొలి కీమో ఎక్కేస్తుంది.

ఈ మౌనం మన ఒక్కరిదే కాదు. 2004లో అమెరికాలో ఆన్ పార్ట్రిడ్జ్ బృందం రొమ్ము క్యాన్సర్ వచ్చిన 657 మంది యువతులను అడిగింది. పిల్లలు కారేమోనన్న బెంగ గట్టిగా ఉండేదని 57 శాతం మంది చెప్పారు. ఆ బెంగ వల్లే చికిత్స నిర్ణయాలు మారాయన్నవాళ్లు 29 శాతం. తమ ప్రశ్నలకు సరైన జవాబు దొరికిందన్నవాళ్లు సగం మందే. చదువు, బీమా, ఇంటర్నెట్ అన్నీ ఉన్నవాళ్ల మాట ఇది. రెండేళ్ల తర్వాత, 2006లో, అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఒక మార్గదర్శకం తెచ్చింది: చికిత్స మొదలుకాకముందే, వీలైనంత తొందరగా, పిల్లల సంగతి పేషెంటుతో మాట్లాడాలి. అంటే ఇరవై ఏళ్ల కింద తేలిపోయిన విషయం గురించే మనం ఇవాళ మాట్లాడుకుంటున్నాం.

కోస్గి నుంచి లక్డీకాపూల్ దాకా

ఒక ప్రయాణం ఊహించుకుందాం. నారాయణపేట జిల్లా కోస్గి దగ్గరి ఊళ్లో ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. రెండేళ్ల పాప. మొగుడు పుణెలో బిల్డింగు పని, మేస్త్రీ వెంబడి పోయిండు. పాలమూరు లేబరన్న పేరు ఆ నేలకు ఊరికే రాలేదు. చంకలో గడ్డ తగిలితే పాలు గడ్డకట్టాయనుకుంది. అత్త కూడా అదే అంది. నొప్పి లేదు కదా అని నాట్లయ్యేదాకా ఆగింది.

‘పాల గడ్డ’ అన్న ధీమా ఎందరినో ఆలస్యం చేసింది. గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చే రోజుల్లోనో వచ్చే గడ్డల్లో ఎక్కువ మామూలువే. కానీ రెండు వారాలైనా కరగని గడ్డకు స్కానింగ్ చేయాలి, అవసరమైతే ముక్క తీసి చూడాలి. కడుపుతో ఉన్నా, బాలింతైనా ఇందులో మినహాయింపు లేదు. కడుపుతో ఉండగా క్యాన్సర్ తేలితే కడుపు తీయించుకోవడం ఒక్కటే దారనుకునేవాళ్లు ఎంతమందో. మూడు నెలలు దాటాక కొన్ని రకాల కీమో ఇవ్వొచ్చు, ఆపరేషన్ చేయొచ్చు. కరెంటు పెట్టడం (రేడియేషన్), హార్మోన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ మాత్రం కాన్పయ్యేదాకా ఆగాలి. ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే కొన్ని కడుపులు నిలుస్తాయి.

మన అమ్మాయి మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికి వచ్చింది. అక్కడి నుంచి పట్నం రాశారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు లేదు. ఎంజీబీఎస్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కితే ఎర్ర లైను మీద ఐదో స్టేషన్ లక్డీకాపూల్. అక్కడ రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. దాని పొరుగునే నీలోఫర్. తనకు పిల్లలు కలగని ఒక రాకుమారి పేరు మీద వెలిసిన ప్రసూతి, పిల్లల ఆసుపత్రి అది. ఒక గేటులోకి కడుపుతో ఉన్నవాళ్లు, పక్క గేటులోకి తలకు స్కార్ఫు కట్టుకున్నవాళ్లు.

ఇక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. ముక్క పరీక్ష రిపోర్టు రావాలి. ఆ ముక్క మీదే హార్మోన్ గ్రాహకాలు చూసే ఈఆర్, పీఆర్ పరీక్షలు, హెర్2 పరీక్ష జరగాలి. క్యాన్సర్ ఇంకెక్కడికైనా పాకిందేమో స్కాన్ చూడాలి. వైద్యులు కూర్చుని ముందు ఆపరేషనా, ముందు కీమోనా తేల్చాలి. ఆరోగ్యశ్రీ అనుమతి రావాలి. ఇవన్నీ అయ్యేసరికి రెండు మూడు వారాలు గడుస్తాయి. అండాలు పెంచి, తీసి, భద్రపరచడానికి పట్టేది సుమారు రెండు వారాలు. ఒకప్పుడు ముట్టయ్యేదాకా ఆగి మొదలుపెట్టేవారు. ఇప్పుడు నెలలో ఏ రోజునైనా మొదలుపెట్టొచ్చు. అండాలు పెంచే ఇంజెక్షన్ల వల్ల ఈస్ట్రోజెన్ పెరిగి గడ్డకు బలమిస్తుందేమోనన్న భయానికి లెట్రోజోల్ మాత్ర కలిపి ఇచ్చే పద్ధతీ వచ్చింది. కాబట్టి మొదటి రోజే మాట ఎత్తితే, రిపోర్టుల కోసం ఎలాగూ ఎదురుచూసే రోజుల్లోనే ఈ పని అయిపోతుంది. పదిహేనో రోజున ఎత్తితే కీమో ఆపుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఏ డాక్టరూ ‘ఆగు’ అనడు, అనకూడదు కూడా. గడ్డ బాగా పెద్దదై, ఉబ్బి, ఎర్రబారి వచ్చినవాళ్లకైతే మొదటి రోజునే ఆ వ్యవధి ఉండదు. అది కూడా ఆమెకు చెప్పాల్సిన నిజమే.

వరండాలో తేలే తీర్పు

చెప్పడం అంటున్నాం గానీ, మన ఆసుపత్రుల్లో డాక్టరు మాట ఎవరి చెవిన పడుతుంది? పేషెంటు తరఫువాళ్ల చెవిన. ‘ఆమెకు చెప్పకుండ్రి సారు, భయపడ్తది’ అని వాళ్లే బతిమాలతారు. గది బయట అత్త అడుగుతుంది: ‘మా కోడలికి ఇగ పిల్లలు అయితరా సారు?’ యాభై మంది వరుసలో ఉంటే జవాబు మూడు మాటల్లోనే వస్తుంది. ‘ముందు బతకనీయండమ్మా.’ ఇంటికి చేరేసరికి అది ‘ఇగ కారంట’ అవుతుంది. పుణెకు ఫోన్లో వెళ్లేదీ ఆ మాటే. ఎవరి ఒంటి గురించి ఇదంతా జరిగిందో ఆమెకు అందరికంటే చివర తెలుస్తుంది, అదీ తప్పుగా.

దాని ఫలితం వైద్యం దగ్గర ఆగదు. కీమో మధ్యలో తల్లిగారింటికి పంపి మళ్లీ పిలవని కథలు ఈ జిల్లాల్లో కొత్త కాదు. రోగాన్ని భరించిన ఇల్లు కూడా ‘సంతు లేదు’ అన్న మాటను భరించకపోవచ్చు. నన్నడిగితే ఈ వ్యవహారంలో మొదటి సంస్కరణ యంత్రాలది కాదు, ఒక కుర్చీది. డాక్టరుకు ఎదురుగా ఆమె ఒక్కతే కూర్చునే కుర్చీ, పది నిమిషాల పాటు. కావాలంటే తర్వాత అత్తనూ మొగుణ్నీ పిలవొచ్చు.

బహిరంగంగా మాట్లాడుకోవడంలో మనం జుట్టు దాకా వచ్చాం. నటి హంసానందిని 2021 డిసెంబరులో తన రొమ్ము క్యాన్సర్ గురించి, తనలో ఉన్న, ఆ జబ్బు ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యు మార్పు గురించి స్వయంగా చెప్పారు. అదే జబ్బుతో తల్లిని పోగొట్టుకున్నారామె. జుట్టు లేని ఫొటో పెట్టడానికి ధైర్యం కావాలి. దాన్ని చూసి ఎందరో స్కార్ఫు విప్పి ఉంటారు. అండాశయాల గురించి అంత బాహాటంగా మాట్లాడే రోజు ఇంకా రాలేదు.

మందు చేసే పని

కీమోలో వాడే సైక్లోఫాస్ఫమైడ్ వేగంగా పెరిగే కణాలతో పాటు అండాశయంలో నిద్రపోతున్న అండాల మీదా పడుతుంది. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నీ తెచ్చుకుంటుంది. పోయినవి మళ్లీ తయారుకావు. ఎన్ని పోతాయన్నది వయసును బట్టి, మందు మోతాదును బట్టి ఉంటుంది. ముప్పైలోపు వాళ్లకు ముట్టు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. నలభై దాటినవాళ్లకు చాలామందికి అక్కడితో ఆగిపోతుంది. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి ముందే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ రెండు అపోహలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉన్నాయి. ముట్టు ఆగితే ఇక కడుపు రాదనుకోవడం ఒకటి. అది నిజం కాదు. కీమో నెలల్లో, హార్మోన్ మాత్రల కాలంలో కడుపొస్తే బిడ్డకు ప్రమాదం. కాబట్టి ముట్టు లేకపోయినా జాగ్రత్త తప్పదు. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు పనికిరావు. కాపర్-టీ, నిరోధ్ వాడాలి. ఈ మాట చెప్పడానికి పైసా ఖర్చులేదు. రెండో అపోహ, ముట్టు తిరిగొచ్చింది గనక అంతా మామూలే అనుకోవడం. ముట్టు వస్తున్నా మిగిలిన అండాలు తక్కువై ఉండొచ్చు, నలభై రెండుకు ఆగాల్సింది ముప్పై ఆరుకే ఆగొచ్చు. పిల్లలు కావాలంటే ‘చూద్దాంలే’ అని ఏళ్లు జరపకూడదు.

దాచుకునే దారుల్లో అన్నిటికంటే నమ్మకమైనవి అండాలను గానీ, భర్త వీర్యంతో కలిపి చేసిన పిండాలను గానీ ద్రవ నత్రజనిలో భద్రపరచడం. ఈ రెంటి మధ్య తేడా ఆమెకు విడమరిచి చెప్పాలి. పిండం మీద ఇద్దరికీ హక్కుంటుంది. రేపు వాడుకోవాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి. అండం ఆమెది. కాపురం ఏ వైపు తిరుగుతుందో తెలియని రోజుల్లో ఉన్న అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు. పిండాలను పదేళ్లకు మించి ఉంచరాదని 2021 సంతాన సాఫల్య చట్టం చెబుతోంది. ఐదేళ్ల హార్మోన్ చికిత్స, ఆపైన ఒకటి రెండేళ్ల నిఘా కలిపి చూస్తే పదేళ్లు అనుకున్నంత దూరం కాదు. అండాశయం ముక్కనే తీసి దాచి, తర్వాత తిరిగి అతికించే పద్ధతి కూడా ఉంది. అలా తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. మన దగ్గర అది ఇంకా కొద్దిచోట్లే.

ఇవేవీ హామీలు కావు. పది అండాలు దాచుకుంటే పది మంది పిల్లలు కారు, ఒక్కరైనా అవుతారని కూడా రాసివ్వలేరు. ఆశ అమ్మేవాళ్లకు కొదవలేని రంగం ఇది. సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు ఎల్బీ నగర్ దాటకముందే మొదలవుతాయి. క్యాన్సర్ డాక్టరే ముందు నిజం చెప్పి పంపితే ఆ బోర్డుల కింద మోసపోవడం తగ్గుతుంది.

డబ్బు లేనివాళ్లకు మాట కూడా లేదా?

పేదలకు ఈ విషయం ఎందుకు చెప్పరని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘చెబితే మాత్రం చేయించుకోగలరా? ఉన్న బాధకు ఇంకోటి కలపడమే.’ దయతో అన్న మాటే. ఒప్పుకోవడానికి మాత్రం నాకు మనసొప్పదు.

ఖర్చు నిజమే. ప్రైవేటులో ఒక్క విడత అండాలు తీసి దాచడానికి లక్షల్లో అవుతుంది. ఏటా నిల్వ రుసుం వేరే. ఆరోగ్యశ్రీ కథలో పాలమూరుకు ప్రత్యేక స్థానం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. అదే ఏడాది డిసెంబరులో నల్లగొండకు వచ్చింది. 2023 డిసెంబరు 9న పరిమితి పది లక్షలైంది. ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ అందులో వస్తాయి. ఆ కీమో వల్ల పోయే అండాలను కాపాడే ఖర్చు అందులో లేదు. రొమ్ము తీసేసిన చోట మళ్లీ రొమ్ము అమర్చడం చికిత్సలో భాగమేనని మనం ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాం. మందు పాడుచేసేదాన్ని ముందే కాపాడటమూ చికిత్సలో భాగమే. దాన్ని షోకు కింద జమకట్టడం అన్యాయం.

సర్కారు దారి పూర్తిగా మూసుకుపోయిందనీ కాదు. 2023 అక్టోబరులో గాంధీ ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వం తొలి ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించింది. అది ప్రధానంగా పిల్లలు కలగని దంపతుల కోసం. ఎంజీబీఎస్‌లో దిగిన మన కోస్గి అమ్మాయి ఎర్ర లైనెక్కితే ఐదో స్టేషన్లో క్యాన్సర్ ఆసుపత్రి ఉందన్నాం. అదే ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనెక్కితే ఆరో స్టేషన్ పేరే గాంధీ హాస్పిటల్. రెండూ ఒకే ప్రభుత్వానివి. ఎర్ర లైను ఆసుపత్రిలో ముక్క పరీక్ష తేలిన రోజే నలభై లోపు ప్రతి ఆడమనిషి చేతిలో ఆకుపచ్చ లైను ఆసుపత్రికి చీటీ పెట్టడం, అక్కడ ఆమెను మామూలు వరుసలో నెలల తరబడి నిలబెట్టకుండా ఆ వారమే చూడటం, కావాల్సింది ఇంతే. కొత్త భవనం అక్కర్లేదు, ఒక జీవో చాలు.

సరే, అండాలు దాచే స్తోమత లేదనే అనుకుందాం. అప్పుడు కూడా చెప్పాల్సింది ఎంతో ఉంది. గోసెరెలిన్ అనే ఇంజెక్షన్ ఉంది. కీమోకు కనీసం వారం ముందు మొదలుపెట్టి, కీమో నడిచినన్నాళ్లూ నాలుగు వారాలకొకసారి పొట్ట చర్మం కింద వేస్తారు. అండాశయాలను కొన్నాళ్లు నిద్రపుచ్చుతుంది. హార్మోన్ గ్రాహకాలు లేని రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద జరిగిన ‘పోయెమ్స్’ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఒట్టి కీమో తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు 22 శాతం మందికి అండాశయాలు పనిచేయడం ఆగిపోతే, ఈ ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికే ఆగింది. కడుపు పండినవాళ్లు 11 శాతానికి బదులు 21 శాతం. అండాలు దాచడానికి ఇది సాటి కాదు, దాచుకున్నవాళ్లకైనా తోడు మందే. ఖర్చు లక్షల్లో కాదు, వేలల్లో. పట్టణంలో మందుల షాపుకు ఫోన్ చేస్తే తెప్పించిపెడతారు. అయితే తొలి కీమో ఎక్కాక దీని సంగతి చెబితే ఉపయోగం చాలా తగ్గిపోతుంది. మళ్లీ ఆ మూడు వారాలే.

రోజూ మింగే మాత్ర

హార్మోన్ గ్రాహకాలున్న రకమైతే చిక్కు వేరే. ఆపరేషన్, కీమో, కరెంటు అయ్యాక టామోక్సిఫెన్ మాత్ర ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. మాత్ర చవక, ప్రాణం నిలిపేదీ అదే. కానీ అది వాడుతూ కడుపుతో ఉండకూడదు, బిడ్డకు అవకరాలు రావొచ్చు. ముప్పై రెండేళ్ల ఆమెకు ఐదేళ్లంటే ముప్పై ఏడు. ఈ లెక్క ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోతే ఆమె తన లెక్క తాను వేసుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేస్తుంది. మాత్ర మానేసిందని తర్వాత కసురుతారు. ఎందుకు మానేసిందో అడగరు.

దీనికి జవాబు 2023లో వచ్చింది. ‘పాజిటివ్’ అనే అంతర్జాతీయ అధ్యయనంలో 42 ఏళ్లలోపు 516 మంది, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా హార్మోన్ చికిత్స తీసుకున్నాక, పిల్లల కోసం రెండేళ్ల వరకు దాన్ని ఆపారు. మందు ఒంట్లోంచి పోవడానికి మొదట మూడు నెలలు ఆగారు. నూటికి 74 మంది గర్భం దాల్చారు, 64 మంది బిడ్డను ఎత్తుకున్నారు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టింది 8.9 శాతం మందిలో. ఆపకుండా వాడినవాళ్లలో అది 9.2 శాతం. అంటే తేడా లేనట్టే. పదేళ్ల ఫలితం రావడానికి ఇంకా సమయం ఉంది. తొందరగా ముదిరిన జబ్బున్నవాళ్లకు ఇదే మాట చెల్లకపోవచ్చు. అయినా ‘క్యాన్సరొచ్చినోళ్లు మళ్ల కనొద్దు, కంటే తిరగబెడ్తది’ అని మన ఊళ్లలో తరాలుగా పాతుకున్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. బీఆర్‌సీఏ జన్యు మార్పున్న 4,732 మంది యువతులను పరిశీలించిన మరో అధ్యయనంలోనూ పదేళ్లలో సుమారు 22 శాతం మంది గర్భం దాల్చారు, దానివల్ల జబ్బు ముదిరిన దాఖలా కనిపించలేదు.

పాల సంగతి కూడా అడుగుతారు, గుసగుసగా. మిగిలిన రొమ్ముతో పాలివ్వొచ్చు. మందులు వాడుతున్నప్పుడు మాత్రం కూడదు. తల్లి పాలతో బిడ్డకు క్యాన్సర్ అంటదు.

‘ఇద్దరున్నారుగా’

ఇందాకటి కేసు షీటులో ‘ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయింది’ అని రాసి ఉంటే పిల్లల ప్రస్తావన అక్కడితో ముగుస్తుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్ అన్నది ఈ జిల్లాల్లో మామూలు దారి. వాళ్లకిక ఏం చెప్పాలి అనిపిస్తుంది.

చెప్పాల్సింది ముట్టు ముందే ఆగిపోవడం గురించి. ముప్పై మూడేళ్లకు ఒంట్లో వేడి సెగలు, నిద్ర లేకపోవడం, చిరాకు, కలయికప్పుడు నొప్పి, మోకాళ్లు లేవకపోవడం. ఇవన్నీ మందు వల్ల అండాశయం ఆగిపోవడంతో వచ్చినవని తెలియక, క్యాన్సర్ తిరగబెట్టిందని వణికిపోతారు. ముట్టు ముందే ఆగిన ఆడదాని ఎముకలు తొందరగా పలచబడతాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్లు వంచిన నడుములను రెండు తరాలుగా చూస్తున్న నల్లగొండ జిల్లాలో ఎముకల మాట ప్రత్యేకంగా ఎత్తాలి.

ఇంకో సంగతి. గర్భసంచి తీసేయించుకోవడంలో దేశంలో ముందున్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తమ్మీద 3.2 శాతమే. కడుపునొప్పికి గర్భసంచి తీసేయడం అంత తేలికైన చోట, క్యాన్సర్ వచ్చిన అమ్మాయికి ‘అది కూడా తీసేస్తే పీడ పోతది’ అని సలహా ఇచ్చేవాళ్లు ఊరూరా ఉంటారు. అందరికీ అది అవసరం లేదు. బీఆర్‌సీఏ మార్పున్నవాళ్లకు అండాశయాలు తీయమంటారు, అదీ కనడం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ1 అయితే 35–40 మధ్య. ఆ మార్పు తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ రావొచ్చు. కాబట్టి మేనత్తల సంగతి కూడా అడగాలి.

ముప్పైకి ముందు ఎవరు చూస్తారు?

ఆశాలు ఇంటింటికీ తిరిగి నింపే జీవనశైలి జబ్బుల ఫారం ముప్పై ఏళ్ల నుంచి మొదలవుతుంది. 2012–16 మధ్య ఉషాలక్ష్మి ఫౌండేషన్ ఆరోగ్యశ్రీతో కలిసి రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో సుమారు రెండు లక్షల మంది ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష చేయించింది. ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదిచ్చి చేసిన మంచి పని. అది కూడా 35 నుంచి 65 ఏళ్లవాళ్లకే. గుంపులో వెతికేటప్పుడు వయసు గీత తప్పదు, దాన్ని తప్పుపట్టలేం. గీతకు ఇవతల ఉన్న అమ్మాయి తనంతట తానే గడ్డ పట్టుకుని వచ్చినప్పుడు మాత్రం ‘నీ వయసుకు రాదులే’ అని పంపకూడదు.

2023 మార్చి 8న ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్కులు మంగళవారాలు నడిచేలా పెట్టినవి. వాటి సేవల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. అందులో రొమ్ము క్యాన్సర్ పరీక్షా ఉంది, సంతానలేమి సలహా ఉంది, ముట్లుడిగే వయసు సమస్యలూ ఉన్నాయి. ఒక్క అమ్మాయికే మూడూ ఒకేసారి రావొచ్చన్న ఊహ ఆ జాబితా రాసినవాళ్లకు తట్టి ఉండదు. కేంద్రం 2025 బడ్జెట్లో జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామంది. కీమో నల్లగొండకు, పాలమూరుకు దగ్గరవడం మంచిదే. అయితే కీమో దగ్గరైనకొద్దీ దానికి ముందు జరగాల్సిన మాట కూడా అక్కడే జరగాలి. ఒక నర్సమ్మకు తర్ఫీదిచ్చి, రెండు పేజీల తెలుగు కరపత్రం చేతికిస్తే చాలు. తండాలున్న మండలాల్లో అదే మాట లంబాడీలో రికార్డు చేసి ఫోన్లో వినిపించాలి.

పెళ్లికాని పిల్ల

అందరికంటే ఒంటరిది ఈమె. సంబంధాలు చూస్తుండగా గడ్డ బయటపడితే ఇల్లంతా కలిసి దాస్తుంది. బస్సు ఎక్కించేటప్పుడు ‘పట్నంలో కోచింగ్’ అని చెబుతారు. అండాల మాట ఎత్తితే తల్లి గాబరా పడుతుంది: ‘పెండ్లి గాని పిల్లకు గదేం మాట సారు?’ కింది నుంచి సూదితో అండాలు తీస్తారంటే కన్నెరికం సంగతేమిటన్న భయం కూడా ఉంటుంది, అడగలేని భయం. అవసరమైతే కింది నుంచి కాకుండా పొట్ట మీది నుంచి తీసే వీలుందని డాక్టరే ముందు చెబితే సగం గాబరా పోతుంది.

చట్టం ఈ పిల్లకు కొన్నిచోట్ల అడ్డు, కొన్నిచోట్ల అండ. 2021 అద్దెగర్భం చట్టం ప్రకారం పెళ్లికాని స్త్రీకి ఆ దారి లేదు. పెళ్లైనవాళ్లకు వైద్య కారణముంటే ఉంది గానీ, బతికున్న బిడ్డ ఉంటే సాధారణంగా లేదు. వితంతువులకు, విడాకులు తీసుకున్నవాళ్లకు 35–45 ఏళ్ల మధ్యే. దత్తత ఒంటరి మహిళకూ ఉంది, కానీ ప్రాణాంతక జబ్బు ఉండకూడదని నిబంధన. జబ్బు నయమై ఏళ్లు గడిచినవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవడం మంచిది. అండాలు దాచుకోవడానికి మాత్రం అదే ఏడాది వచ్చిన సంతాన సాఫల్య చట్టం పెళ్లిని అడగదు. 21 నుంచి 50 ఏళ్ల మధ్య వయసుంటే చాలు. ఆ ఫారం మీద తండ్రి సంతకం, అన్న సంతకం, రాబోయే మొగుడి సంతకం ఏదీ అక్కర్లేదు. అడగాల్సింది ఆమెను, సంతకం పెట్టాల్సింది ఆమె.